శుక్రవారం దాకా మెడ ముట్టొద్దు

ధన్‌మని ఇనుప బోను మూసుకుంది. ఆవు మెడ రెండు కమ్మీల మధ్య చిక్కింది. పశువుల డాక్టరు నూరియా ఎడమచేత్తో ఆ మెడను నిమిరి, చిన్న మిషనుతో రెండుచోట్ల వెంట్రుకలు గొరిగింది. పైన ఒకచోట, జానెడు కింద ఇంకోచోట. పట్టకారులాంటి కొలతతో చర్మం మందం చూసింది. పైన ఒక సూది, కింద ఒక సూది పొడిచింది.

"ఏడు, ఏడు. తర్వాతది!"

కెరెన్సా ఆ మిల్లీమీటర్ల లెక్క టాబ్లెట్‌లో కొట్టి, బోను కర్ర లాగింది. ఆవు విసురుగా బయటికి దూకింది. వెనక సందులోంచి ఇంకో ఆవును తోలుతూ ఆమె చిన్నాన్న హెడ్లీ కేకలు పెడుతున్నాడు.

"హో! హో! నడవండమ్మా నడవండి! పెళ్ళిచూపులకు వచ్చినట్టు ఆ సిగ్గులేంటి!"

మార్చి గాలి సముద్రం మీంచి ఈడ్చి కొడుతోంది. కెరెన్సాకు చలి తెలియడం లేదు. పొద్దుట్నుంచీ ఒళ్ళంతా ఒకటే ఉరుకు. నాలుగేళ్ళుగా కార్న్‌విడెన్ పొలం గేటుకు తాళమే. ఇనుప తాళం కాదు, సర్కారు తాళం. మందలో క్షయ కనిపించిన నాటి నుంచి కబేళాకు తప్ప ఒక్క పశువూ ఆ గేటు దాటడానికి లేదు. తాళం తియ్యాలంటే వరుసగా రెండు పరీక్షల్లో మంద మొత్తం నెగ్గాలి. ఒకటి నెగ్గింది. ఇది రెండోది.

పై సూది పక్షుల క్షయది, కింది సూది పశువుల క్షయది. శుక్రవారం నూరియా మళ్ళీ వచ్చి మెడలు కొలుస్తుంది. కింది వాపు పై వాపును మించిందా, ఆ ఆవు పని అయిపోయినట్టే. ఒక్కటి పోయినా అంతా మళ్ళీ మొదటికే.

కొట్టంలోంచి ఆదివారం పుట్టిన కోడెదూడ అరిచింది. పాడి మందలో మగదూడకు చోటు లేదు, ఎవరికైనా అమ్మాల్సిందే. గేటు మూసి ఉంటే అమ్మేదెక్కడ? ఈ నాలుగేళ్ళూ పుట్టిన ప్రతి మగదూడనూ హెడ్లీయే కొట్టం వెనక్కి తీసుకెళ్ళి తుపాకీతో కాల్చాడు. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఈసారి మాత్రం తుపాకీ బీరువా తాళంచెవి జేబులోంచి తియ్యలేదు. "శుక్రవారం దాకా చూద్దాంలే," అన్నాడు, ఆకాశం వైపు చూస్తూ, వాన సంగతి మాట్లాడుతున్నట్టు.

"ఆగండి," అంది నూరియా, బోనులోకి వచ్చిన ఆవును చూసి. "దీనికి ఇప్పుడేగా సూది వేశాను?"

"అది డచెస్. ఇది కౌంటెస్. కవలలు డాక్టరమ్మా," అంది కెరెన్సా.

"మీకెలా తెలుస్తుంది?"

వెనకనుంచి హెడ్లీ అందుకున్నాడు. "పొదుగు చూసి! పాలు పితికే గోతిలో నించుంటే కళ్ళెదురుగా ఉండేది అదేగా. మా అన్న బతికినన్నాళ్ళూ ఏ ఆవునూ మొహం చూసి పిలవలా. ఈ అమ్మాయీ అంతే. ముందునుంచి చూపిస్తే సొంత ఆవుకే నమస్కారం పెట్టి ఎవరండీ మీరు అంటుంది."

"మా తాత సుడులు చూసేవాడు," అంది నూరియా. ఆమెది స్పెయిన్‌లో కొండ ఊరు. ఈ జిల్లాకొచ్చి ఆరేళ్ళయినా నవ్వు మాత్రం ఇంకా అక్కడిదే. "ఇదిగో, దీని నుదుటి సుడి కుడికి తిరిగింది. దానిది ఎడమకు. నాకు ఆవులంటే తలకాయలూ మెడలే. మీకు వెనకభాగం, నాకు ముందుభాగం. ఇద్దరం కలిస్తే ఒక ఆవు."

ఆఖరి ఆవు బయటికి పోయాక హెడ్లీ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. నాలుగేళ్ళుగా ప్రతి పరీక్షకూ చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు. వాపు ముందే తడిమి కుమిలిపోవద్దని అతని అన్న పెట్టిన కట్టడి అది. ఆ ఇంట్లో చాపెల్ ప్రార్థన ఒకవారం తప్పినా తప్పుతుందేమోగానీ అది తప్పదు.

"విన్నావా పిల్లా. శుక్రవారం దాకా ఎవరూ మెడమీద చెయ్యి వెయ్యొద్దు."

*

బుధవారం పొద్దున పైచేను గేటు దగ్గర రెండు ముసలి నోళ్ళు పనిలో ఉన్నాయి.

పైచేను బ్యాడ్జర్ల చేను. రాళ్ళు పేర్చిన గట్టు కింద వాటి బొరియలు. నలుపు తెలుపు చారల మొహం వేసుకుని పొద్దు వాలాక బయటికొచ్చి, పచ్చికలో వానపాములు ఏరుకు తినే జంతువులు. వాటికీ అదే క్షయ. అందుకే కెరెన్సా ఆ చేను చుట్టూ రెండు వరసల కరెంటు తీగ లాగింది. నాలుగేళ్ళుగా అందులో ఒక్క ఆవు కాలు పెట్టలేదు. ఈ వసంతంలో మాత్రం డిగరీని రానిచ్చింది. డిగరీ రిటైరైన పోస్ట్‌మన్. బ్యాడ్జర్లకు క్షయ టీకా వేసే జట్టులో పని నేర్చుకున్నాడు. వారం నుంచీ బొరియల దగ్గర బోన్లు పెట్టి, తలుపులు తెరిచి కట్టేసి, లోపల పల్లీలు పోస్తున్నాడు, వాటికి అలవాటు కావాలని. శుక్రవారం సాయంత్రం తలుపులు విప్పుతాడు. శనివారం తెల్లారి సూదులు.

హెడ్లీ, డిగరీ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. క్షయ వచ్చిన ఏడాది ఇద్దరి మధ్యా మాటలు పోయాయి. అప్పట్నుంచీ ఏమన్నా అనాలంటే కెరెన్సాతో అంటారు. ఆమె లేకపోతే కుక్కతో.

"టాటీ," అన్నాడు హెడ్లీ కుక్కకేసి చూస్తూ, "దొంగలకు పల్లీలు పోసి మేపే పెద్దమనిషిని అడుగు, రేపు వాటికి దుప్పట్లు కూడా కప్పుతాడేమో."

"టాటీ," అన్నాడు డిగరీ, బకెట్ కింద పెట్టకుండానే, "ఆ పెద్దమనిషికి చెప్పు. కప్పేవాణ్ణే, ఆయన దుప్పటి కంపు భరించలేక బ్యాడ్జర్లే వద్దన్నాయి."

కుక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి తోకాడించింది. అప్పుడే కెరెన్సా గేటు దగ్గరికి వచ్చింది.

"మా ఆవులకు జబ్బు ఎవరు తెచ్చారో చెప్పమను, కెరెన్సా!"

"బ్యాడ్జర్లకు జబ్బు ఎవరు తెచ్చారో ఆయన్ను చెప్పమను! బొరియలోంచి లేచి సంతకెళ్ళి కొనుక్కొచ్చుకున్నాయా? ఆవు దగ్గితే జబ్బు పచ్చికలో పడుతుంది. అక్కడ వానపాము కోసం బ్యాడ్జరు ముక్కు. దీని ఉచ్చ పచ్చికలో పడుతుంది. అక్కడ మేత కోసం దాని ముక్కు. రెంటికీ నోరు లేదు. నోరున్న గాడిదలు మాత్రం గేటుకు అటొకటి, ఇటొకటి."

"చాలు!" అంది కెరెన్సా, నవ్వాపుకోలేక. "ఇద్దరూ వినండి. శుక్రవారం గేటు తెరుచుకుంటే ఇద్దరికీ మాంసం కూరిన పాస్టీలు నేనే చేస్తా. తెరుచుకోకపోతే ఇద్దరూ నా కంటికి కనపడొద్దు."

"తెరుచుకుంటుందిలే అమ్మాయ్," అన్నాడు డిగరీ.

హెడ్లీ అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. కుక్క అతని వెంట నాలుగడుగులు వేసి, ఆగి, డిగరీ బకెట్ వైపు ఆశగా చూసింది.

*

గురువారం సాయంత్రం కెరెన్సా కట్టడి తప్పింది.

తప్పాలనుకోలేదు. పాలు పితకడం అయింది. ఆవులన్నీ కమ్మీల్లోంచి తలలు పెట్టి గడ్డి మేస్తున్నాయి. ఆమె పారతో గడ్డి ముందుకు తోస్తూ వరస పొడుగునా వస్తోంది. మనసులో అప్పటికే శనివారం అయిపోయింది. గేటు తెరుచుకుంది, కోడెదూడ కోసం బండి వచ్చింది, తోలేవాడికి టీ కూడా ఇచ్చేసింది. ఒక ఆవు తల ఎత్తి ఆమె మోచేతిని నాకింది. డచెస్. "ఏమే దొరసానీ," అని ఆమె దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది. అలవాటు కొద్దీ వేళ్ళు కిందికి జారాయి.

అక్కడ గట్టిగా తగిలింది. సగం కోసిన నిమ్మకాయంత.

చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంది. పార కిందపడింది. గొరిగిన కింది చోటు. పశువుల క్షయ చోటు. మళ్ళీ ముట్టుకుని చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. డచెస్ ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతూ నిలబడింది.

హెడ్లీ దూడ కొట్టంలో ఉన్నాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని సీసాతో పాలు పడుతున్నాడు. దూడ తలతో కుమ్ముతుంటే, "మెల్లగా తాగరా తిండిపోతా, నీ బాబు సొత్తేం పోదు," అంటున్నాడు. కెరెన్సా గడపలో నిలబడటం చూసి మాట మింగాడు.

"ముట్టుకున్నావా," అన్నాడు.

ఆమె తలూపింది. "డచెస్. కింద."

సీసా ఖాళీ అయింది. దూడ రబ్బరు వదలకుండా గాలినే చప్పరిస్తోంది. హెడ్లీ సీసా లాక్కోలేదు.

"పెద్దదా?"

"పెద్దదే చిన్నాన్నా."

హెడ్లీ తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత అతను గొంతు తగ్గించి అన్నాడు.

"కవలలు కదే అవి."

"అయితే?"

"కౌంటెస్ మెడ శుభ్రంగా ఉందనుకో. ఒకసారి తన చెవి బిళ్ళతో పోతుంది. చుట్టూ తిప్పి తెచ్చి రెండోసారి డచెస్ బిళ్ళతో పోతుంది. ఎప్పుడో బిళ్ళ ఊడిపోయిందని డచెస్‌కి కొత్తవి తెప్పించాం చూడు, ఇంకోటి అలమరలో ఉంది. ఆ డాక్టరు పిల్ల చూసేది చెవి బిళ్ళేగా."

"చిన్నాన్నా!"

"ఊరికే అన్నాలే."

"దానికి నిజంగా ఉంటే? మన కొట్టంలోనే ఉంటుంది. మిగతా వాటన్నిటికీ అంటిస్తుంది. ఇదిగో, వీడికి కూడా." ఆమె దూడను చూపించింది. "పరీక్షను మోసం చేస్తావు సరే, జబ్బును ఏ బిళ్ళ పెట్టి మోసం చేస్తావు?"

"ఊరికే అన్నానన్నానుగా," అన్నాడు హెడ్లీ. దూడ నోట్లోంచి సీసా లాగి, లేచి, దాని మూతిని తన కోటు అంచుతో తుడిచాడు. "ఈ తుపాకీ ఇంక ఎత్తలేనే పిల్లా," అని దూడతో అన్నట్టుగా అన్నాడు. కెరెన్సా వైపు చూడలేదు.

*

శుక్రవారం పొద్దున షెడ్డు నిండా మోత. పాల ట్యాంకు చల్లబరిచే మోటారు ఒకవైపు, రేకుల మీద వాన ఒకవైపు, కాంక్రీటు మీద గిట్టలు ఒకవైపు. నూరియా చేతులు వరసగా మెడల మీద పరుగెత్తుతున్నాయి. పైన, కింద. పైన, కింద.

"ఏమీ లేదు. తర్వాతది. ఏమీ లేదు. తర్వాతది."

ఒక్కో మాటకూ కెరెన్సా గుండె ఒక మెట్టు ఎక్కుతోంది. ఎంత ఎత్తు ఎక్కితే అంత కింద పడతానని తెలిసీ ఎక్కుతోంది. ప్రతి చెవి బిళ్ళా పైకి చదివి, తర్వాత డచెస్ వస్తుందేమోనని సందులోకి తొంగి చూస్తోంది. సగం మంద అయిపోయింది. డచెస్ రాలేదు.

"కౌంటెస్," అని చదివింది.

నూరియా చెయ్యి మెడ మీదికి వెళ్ళి ఆగింది. నవ్వు పోయింది. జేబులోంచి కొలత తీసింది.

కెరెన్సా బోను కమ్మీ పట్టుకుంది. దీనికి కూడానా?

"మంగళవారం ఎంత?"

"ఏడు, ఏడు."

నూరియా కింది వాపును చర్మంతో సహా మడత పట్టి కొలిచింది. "పన్నెండు." కొలతను జానెడు పైకి జరిపింది. మళ్ళీ కొలిచింది. సరిచూసుకోవడానికి ఇంకోసారి కొలిచింది. "పైన పదహారు."

"అంటే?"

"అంటే పక్షులు." నవ్వు తిరిగొచ్చింది. "ఏ పావురాలో దాణాలో రెట్ట వేసి ఉంటాయి. పై వాపు పెద్దది, కింది వాపు దాని నీడ. మీ ఆవు నెగ్గింది. తర్వాతది!"

కెరెన్సా కర్ర లాగడం మరిచిపోయి కౌంటెస్ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కౌంటెస్ నాలుక చాపి ఆమె మోచేతిని నాకింది.

నిన్న నాకింది ఇదే!

వెనకనుంచి చూస్తే చచ్చినా పొరబడేది కాదు. కమ్మీల్లోంచి తల ఒక్కటే కనిపించింది, డచెస్ అనుకుంది. ముట్టుకున్నది కౌంటెస్ మెడ. కింది గడ్డ తగలగానే చెయ్యి లాక్కుంది. ఇంకో జానెడు పైకి పోనిస్తే దానికంటే పెద్ద గడ్డ వేళ్ళకు తగిలేది. రాత్రంతా కుళ్ళికుళ్ళి ఏడ్చే పని తప్పేది. ఆమెకు కేక పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

"చిన్నాన్నా! అది డచెస్ కాదు! కౌంటెస్! ఏం లేదు, నెగ్గింది!"

మోత మధ్య సందు చివర హెడ్లీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. వినికిడి మిషను ఇంట్లో పెట్టి రావడం అతనికి ఎప్పుడూ ఉన్నదే. "నెగ్గింది" అన్నది మాత్రం అందినట్టుంది. బొటనవేలు ఎత్తి చూపించి, బయటికి వచ్చిన కౌంటెస్ వెనకే వాన్లోకి మాయమయ్యాడు.

మంద తరుగుతోంది. ఏమీ లేదు, తర్వాతది. ఏమీ లేదు, తర్వాతది. ఆఖరికి సందులో ఒకే ఒక్క ఆవు మిగిలింది. అది బోనులోకి వచ్చింది, తలుపు ధన్‌మంది.

ఒక చెవికి పేడ పూసి ఉంది. రెండో చెవి బిళ్ళ కొత్తగా మెరుస్తోంది. కెరెన్సా అంకెలు చదివింది. డచెస్‌వే.

పేడ ఎవరు పూశారు? ఆమె టాబ్లెట్ డ్రమ్ము మీద పెట్టి, బోను పక్కనుంచి వెనక్కి వంగి చూసింది. ఒక్క చూపు చాలు. వెనక కుడి చన్ను పక్కన గింజంత పులిపిరి.

కౌంటెస్ పొదుగు. ఆ పేడ కింద ఉన్నది కౌంటెస్ బిళ్ళ.

చిన్నాన్న పనే. వద్దన్నా చేశాడు. నిన్న తను డచెస్ అంది గనక అతను బిళ్ళ చూసి అసలు డచెస్‌నే ఎక్కడో దాచాడు. మెడ బాగున్న ఆవును దాచి, వాపున్న ఆవును రెండోసారి తెచ్చాడు. సందు చివర తలుపు దగ్గర నిలబడి, కర్ర మీద రెండు చేతులూ పెట్టి, టోపీ కింది నుంచి ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

నూరియా టాబ్లెట్ అందుకుని డచెస్ మంగళవారం కొలత చూసుకుంటోంది. ఇంకో క్షణంలో చెయ్యి మెడ మీద పడుతుంది. పన్నెండు, పదహారు. అది కూడా నెగ్గినట్టే! నోరు మూసుకుంటే చాలు, ఇక్కడితో మంద పూర్తయింది, గేటు తెరుచుకుంది. నిజం చెబితే మోసం బయటపడుతుంది. తాళం పోనే పోదు, ముసలాయన కోర్టు మెట్లెక్కాలి. కానీ ఎక్కడో ఒకచోట డచెస్ ఉంది. దాని మెడను ఎవరూ చూడలేదు.

నూరియా చెయ్యి లేచింది.

"ఆగండి," అంది కెరెన్సా. "ఇది డచెస్ కాదు."

నూరియా చెయ్యి గాలిలోనే ఆగింది. తిరిగి చూడలేదు.

"బిళ్ళ దానిదే. ఆవు దానిది కాదు. కౌంటెస్‌నే మళ్ళీ తెచ్చాం. నిన్న నేను దీని మెడ ముట్టుకుని డచెస్‌కి జబ్బనుకున్నా. ఇంట్లో ఆ మాట అన్నా. తప్పు అక్కడ మొదలైంది."

"ఆ అమ్మాయి ఏం చెయ్యలేదు!" మోతలో అంతదూరంలో ఏం వినిపించిందో, హెడ్లీ టోపీ చేతిలో పట్టుకుని వచ్చేస్తున్నాడు. "బిళ్ళ పెట్టింది నేను. ఆవును దాచింది నేను. ఆమె వద్దంది. రాసుకునేదేదో నా పేరున రాసుకో డాక్టరమ్మా."

నూరియా ఆవు నుదుటి మీద బొటనవేలు పెట్టి సుడి చుట్టూ గుండ్రంగా తిప్పింది.

"కుడికి తిరిగింది," అంది. "బోనులోకి రాగానే చూశాను. ఇంటివాళ్ళు చెబుతారా, నేనే చెప్పాల్సి వస్తుందా అని ఆగాను. నేనే చెప్పాల్సి వస్తే ఇక్కడితో పని ఆపేసి వెళ్ళిపోయేదాన్ని." హెడ్లీ వైపు తిరిగింది. "అసలుది ఎక్కడ?"

హెడ్లీ నోరు తెరిచేలోపల వాకిట్లోంచి కేక వినిపించింది.

"ఒరేయ్ హెడ్లీ!"

నాలుగేళ్ళ తర్వాత ఆ పేరు ఆ గొంతులో. కుక్క కూడా తలెత్తింది. డిగరీ వాన్లో తడిసి ముద్దయి, తాడు పట్టుకుని ఆవును లాక్కొస్తున్నాడు. ఆవు దవడలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"నాలుగేళ్ళ నుంచి ఆవుకూ బ్యాడ్జరుకూ మధ్య కరెంటు తీగలు లాగి, నన్ను నానా తిట్లు తిట్టి, ఇవాళ నీ మహారాణిని తీసుకొచ్చి బ్యాడ్జరు గుమ్మంలోనే కట్టేశావేంట్రా! చుట్టరికం కలుపుకుంటున్నావా?"

"ఎవరూ చూడని చోటు అదొక్కటేగా," అని గొణిగాడు హెడ్లీ.

"చూడకపోవడమేంటి, నేను వెళ్ళేసరికి బోను బోర్లించి పల్లీలన్నీ నాకేసింది! వారం రోజుల మేపు! నాలిక బారెడు చాపి, రాళ్ళ కింద దూర్చి మరీ తింది. బ్యాడ్జర్లకు కూడా అంత కక్కుర్తి లేదు."

కెరెన్సాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. రెండూ ఆపుకుని కౌంటెస్‌ని వదిలింది. డచెస్‌ని బోనులోకి తోసింది. అందరి కళ్ళూ నూరియా చేతిమీదే.

చెయ్యి పైన ఆగింది. కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. కొలత తీసింది.

"ఏడు," అంది. "ఏడు."

మోటారు దానంతట అదే ఆగింది. వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది.

"అంటే," అన్నాడు హెడ్లీ నెమ్మదిగా, "ఏమీ చెయ్యకుండా ఇంట్లో పడుకుని ఉంటే..."

"ఈపాటికి టీ తాగుతూ ఉండేవాళ్ళం," అంది నూరియా. "మంద నెగ్గింది. అది రాస్తాను. బిళ్ళ మార్చారని కూడా రాస్తాను. కొలవకముందే ఇంటివాళ్ళే చెప్పారనీ, అసలు ఆవును నా ముందే కొలిచాననీ రాస్తాను. ఆఫీసు వాళ్ళు మిమ్మల్ని పిలిచి చీవాట్లు పెడతారు. ఇంకేం చేస్తారో నా చేతిలో లేదు. తలొంచుకుని పడండి."

"పడతాను," అన్నాడు హెడ్లీ.

"ఆ దొంగబిళ్ళ ఇప్పుడే, నా ముందే తియ్యండి. ఈ ఆవును కొన్నాళ్ళు విడిగా కట్టండి. బొరియల దగ్గర మేసి వచ్చింది. తర్వాతి పరీక్షలో దీని మెడే ముందు చూస్తాను."

హెడ్లీ వాకిట్లోకి వెళ్ళి కౌంటెస్ చెవి దగ్గర నిలబడ్డాడు. బిళ్ళ కోసే కత్తెర దగ్గరికి తెచ్చేసరికి ఆవు తల విదిలించింది. డిగరీ వెళ్ళి ఆవు తల పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోరా," అన్నాడు హెడ్లీ, కుక్కతో కాదు.

*

శనివారం ఇంకా వెలుగు రాకముందే పైచేను గేటు తీశారు. నిన్న సాయంత్రం పల్లీల బకెట్ మోసింది హెడ్లీయే. ఆవు తిన్నదానికి ఆవుగలవాడు పొయ్యాలన్నాడు డిగరీ. బోన్ల తలుపులు విప్పేటప్పుడు రాయి ఎక్కడ ఆనించాలో ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. కెరెన్సా వేడి పాస్టీలు కోటు లోపల పెట్టుకుని వెనక నడుస్తోంది. కొట్టంలో కోడెదూడ అరుపు గట్టు దాకా వినిపిస్తోంది. కాగితాలు రాగానే దాని కోసం బండి వస్తుంది. తుపాకీ బీరువా తాళంచెవి రాత్రి భోజనాలప్పుడు హెడ్లీ ఆమె పళ్ళెం పక్కన పెట్టి, ఉప్పు అందుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మొదటి బోను ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదానిలో బూడిదరంగు ముద్ద కదిలింది.

డిగరీ మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగులు వేసుకుని, కమ్మీల్లోంచి తొడ దగ్గర సూది పొడిచాడు. కాసిని వెంట్రుకలు కత్తిరించి, డబ్బాతో నీలం రంగు చల్లాడు.

"అది మా ఆవులకు కొట్టే రంగు కదరా," అన్నాడు హెడ్లీ.

"అదే. నిన్న మీ షెడ్డులోంచి ఎత్తుకొచ్చా. ఇచ్చెయ్యనా?"

హెడ్లీ బోనుకు ముందువైపు వెళ్ళి, నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. బ్యాడ్జరు ముక్కు ఎత్తి అతని వాసన చూసింది. తెల్లటి మొహం మీద రెండు నల్లచారలు, వాటి మధ్య గింజల్లాంటి కళ్ళు. మూతికి పల్లీ పొట్టు అంటుకుని ఉంది.

"ఏంటి చిన్నాన్నా?" అంది కెరెన్సా.

"ఇన్నేళ్ళూ వీటి వెనకభాగమే చూశానే. పారిపోతుంటే." అతను ఇంకొంచెం ముందుకు వంగాడు. "మొహం ఇలా ఉంటుందా?"

"తలుపు లాగు," అన్నాడు డిగరీ.

హెడ్లీ లాగాడు. బ్యాడ్జరు వెంటనే కదల్లేదు. ఒక కాలు బయట పెట్టి, అతని బూట్ల పక్కనుంచి తాపీగా నడిచి, గట్టు కింద బొరియ దగ్గర ఆగింది. పొట్ట మీద గోక్కుంది. నీలం రంగు మరక వేకువ వెలుగులో స్పష్టంగా కనిపించింది.

"పో పో," అన్నాడు హెడ్లీ. "శుక్రవారం దాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు."